ట్రేసింగ్: ఆటోనా, చేత్తోనా, అసలు అక్కర్లేదా?

వాట్సాప్‌లో ఒక బొమ్మ వస్తుంది. కింద మెసేజ్: "అన్నా, ఇదే మా లోగో. షాపు మీద పది అడుగుల బోర్డు. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి." తెరిచి చూస్తే బొమ్మ వెడల్పు 200 పిక్సెళ్లు. పది అడుగులంటే 120 అంగుళాలు. అంగుళానికి రెండు పిక్సెళ్లు కూడా రావు. లెక్క వేస్తే ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర సెంటీమీటర్ల గడి అవుతుంది. బోర్డు మీద లోగో కాదు, బాత్రూమ్ టైల్స్ కనిపిస్తాయి.

"వెక్టర్ చేసెయ్, అయిపోతుంది" అని పక్క సీట్లోంచి సలహా వస్తుంది. మాట నిజమే. వెక్టర్‌లో పిక్సెళ్లుండవు, గీతల లెక్కే ఉంటుంది. ఎంత పెంచినా అంచు చెదరదు. పిక్సెళ్ల బొమ్మను చూసి అలాంటి గీతలు తయారుచేసుకోవడమే ట్రేసింగ్. కానీ ఆ "చేసెయ్" వెనక మూడు దారులున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పి బటన్ నొక్కడం ఒకటి. బొమ్మను కింద పెట్టుకుని పెన్ టూల్‌తో చేత్తో గీసుకోవడం ఇంకొకటి. మూడోది ఎవరూ చెప్పరు: ట్రేస్ చేయకుండానే పని కానిచ్చుకోవడం.

నేను స్టిక్కర్ కటింగ్ షాపులో పని నేర్చుకున్నవాణ్ణి. మొదటి రెండేళ్లు అన్నిటికీ బటనే నొక్కాను. తర్వాత పంతం పట్టి కొన్నాళ్లు అన్నీ చేత్తోనే గీశాను. రెండుసార్లూ చేతులు కాలాయి. ఇప్పుడు బొమ్మ రాగానే నేను ఏం చూసుకుంటానో, ఎందుకు చూసుకుంటానో రాస్తున్నాను.

ముందు, ట్రేస్ లేకుండా గడుస్తుందేమో చూడండి

బొమ్మ పంపినవాళ్లను నేను అడిగే మొదటి మాట: "పాత విజిటింగ్ కార్డు పీడీఎఫ్ ఏమైనా ఉందా?" ఆ లోగోను ఎవరో ఒకరు ఎప్పుడో సరిగ్గా గీసే ఉంటారు. కార్డు, బిల్లు బుక్కు, క్యారీ బ్యాగు, ఏదో ఒకదాని ప్రింట్ ఫైల్ ఎవరి మెయిల్లోనో పడి ఉంటుంది. ఆ పీడీఎఫ్ తెరిచి లోగో మీద జూమ్ పెంచుకుంటూ పోండి. 1600 శాతం దాటినా అంచు కత్తిలా ఉంటే లోపల ఉన్నది వెక్టరే. వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు ఇంక్‌స్కేప్, కోరల్ డ్రా, ఇలస్ట్రేటర్ మూడూ పీడీఎఫ్‌ను తెరుస్తాయి. గ్రూప్ విడదీసి లోగో ఒక్కటీ కాపీ చేసుకుంటే పది నిమిషాల పని. గడులు కనిపించాయా, అప్పుడు ట్రేసింగ్ గురించి ఆలోచించాలి.

తర్వాత లోగోను కాసేపు ఊరికే చూడండి. మన ఊళ్లలో లోగోలు చాలావరకు ఒక వృత్తం, ఒక పేరు, ఒక ఆకో దీపమో. వృత్తాన్ని ట్రేస్ చేయడం దండగ, ఎలిప్స్ టూల్‌తో రెండు సెకన్లలో వస్తుంది. పేరు ఏదో ఒక ఫాంట్‌లో టైప్ చేసిందే అయి ఉంటుంది. పాతవైతే అను ఫాంట్లు. కొత్తవైతే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, ఎన్టీఆర్, సురవరం, తిమ్మన, ధూర్జటి, రవిప్రకాష్ లాంటివాటిలో ఒకటి కావచ్చు. అనుమానం వచ్చిన ఫాంట్‌లో అదే పేరు టైప్ చేసి, సగం పారదర్శకంగా పెట్టి బొమ్మ మీద ఆనించి చూడండి. సరిపోతే కర్వ్స్‌లోకి, అంటే గీతల ఆకారాలుగా, మార్చేయండి, అయిపోయింది. అచ్చంగా సరిపోకపోయినా దగ్గరగా ఉన్న ఫాంట్ తీసుకుని నాలుగైదు నోడ్లు (గీత మీద పట్టుకుని జరిపే బిందువులు) జరపడం మొదటి నుంచీ ట్రేస్ చేయడం కంటే ఎప్పుడూ నయమే.

ఇక ఫోటోలు. పుట్టినరోజు ఫ్లెక్స్‌లో ముఖాన్ని వెక్టర్ చేయాలా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఫ్లెక్స్‌ను దూరం నుంచి చూస్తాం కాబట్టి అసలు సైజులో అంగుళానికి 72 నుంచి 100 పిక్సెళ్లు ఉన్నా సరిపోతుంది. ఫోటోను ట్రేస్ చేస్తే ముఖం మీద రంగుల మరకలు పరిచినట్టు ఉంటుంది. ఆ పోస్టర్ లుక్కే కావాలనుకుంటే తప్ప దాని జోలికి పోకండి.

ఒక మోసం గురించి ఇక్కడే చెప్పాలి. జేపీజీ బొమ్మను కోరల్‌లోకి లాగి, సీడీఆర్, ఎస్‌వీజీ లాంటి వెక్టర్ ఫైలుగా సేవ్ చేసి "వెక్టర్ పంపాను" అంటుంటారు. కావాలని కాదు, నిజంగానే అలా నమ్ముతారు. డబ్బా మారింది, సరుకు అదే. ఫైల్ చివర ఉన్న మూడు అక్షరాలు చూసి నమ్మకండి. వైర్‌ఫ్రేమ్ వ్యూలో, అంటే రంగులు లేకుండా గీతలే కనిపించేలా, పెట్టి చూడండి. గీతలు కనబడకుండా ఒక్క డబ్బా మాత్రమే కనబడితే లోపల ఫోటోయే ఉన్నట్టు.

బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది

ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ అనే ఆదేశం ఉంటుంది. షిఫ్ట్, ఆల్ట్, బి కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. దాని వెనక ప్రధానంగా పనిచేసేది పోట్రేస్ అనే ప్రోగ్రామ్. పీటర్ సెలింగర్ అనే గణిత ఆచార్యుడు రాసి 2001లో విడుదల చేశాడు. దానికి తెలిసినవి రెండే, నలుపూ తెలుపూ. మధ్యలో ఉన్న బూడిద రంగులన్నిటినీ ముందుగా ఒక గీటు పెట్టి ఇటో అటో తోసేస్తారు. నలుపు ఆగి తెలుపు మొదలయ్యే హద్దు వెంబడి అది నడుస్తుంది. ఆ హద్దును వీలైనంత తక్కువ భుజాలున్న బహుభుజిగా మారుస్తుంది. చివరికి ఒక్కో మూల దగ్గర ఆగి, ఇది గుండ్రంగా తిరగాలా, కోసుగా ఉండాలా అని లెక్క చూసి, బెజియర్ వంపులు (కొద్ది బిందువులతో లెక్కగట్టే నున్నటి వంపులు) పరుస్తుంది.

ఇందులో ఎక్కడా "ఇది అక్షరం", "ఇది ఆకు" అన్న ఎరుక లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆటో ట్రేస్ ఎక్కడ బాగా చేస్తుందో, ఎక్కడ పరువు తీస్తుందో ముందే ఊహించవచ్చు.

మీ చేతిలో ఉండేవి మూడు మీటలు. ఎంత బూడిద వరకు నలుపుగా లెక్కపెట్టాలి, ఎంత చిన్న మచ్చను చెత్తగా పారేయాలి, మూలలను ఎంత నున్నగా చేయాలి. ఇంక్‌స్కేప్‌లో ఇవి థ్రెషోల్డ్, స్పెకుల్స్, స్మూత్ కార్నర్స్. ఇలస్ట్రేటర్‌లో థ్రెషోల్డ్, నాయిస్, కార్నర్స్. కోరల్‌లో డీటెయిల్, స్మూతింగ్, కార్నర్ స్మూత్‌నెస్. పేర్లూ లెక్కలూ కొంచెం వేరు, పని దాదాపు ఒకటే. ఇంక్‌స్కేప్‌లో స్మూత్ కార్నర్స్ విలువ 1 దగ్గర మొదలవుతుంది. సున్నాకు తెస్తే అన్నీ కోసు మూలలే. 1.33 దాటిస్తే ఒక్క మూల కూడా మిగలదు, నక్షత్రం బొమ్మ కూడా పిండి ముద్దలా వస్తుంది.

రంగుల బొమ్మకు ఇదే పని రంగు రంగుకూ విడిగా జరుగుతుంది. చిక్కు ఎక్కడంటే, మీ కంటికి మూడు రంగులు కనిపించే జేపీజీలో నిజానికి వందల రంగులుంటాయి. ఎరుపు, తెలుపు కలిసే చోట గులాబీ పొరలు ఉంటాయి. రంగుల సంఖ్య 16 అని ఇస్తే ఆ పొరలన్నిటినీ అది నమ్మకంగా గీసి ఇస్తుంది. అక్షరం చుట్టూ ఉల్లిపాయ పొరల్లా సన్నటి వలయాలు వస్తాయి. లోగోలో ఉన్న అసలు రంగులు లెక్కపెట్టి, బ్యాక్‌గ్రౌండ్‌కు ఒకటి కలిపి, అంతే ఇవ్వండి.

మీటల కంటే ముందు చేసుకునే తయారీ పదింతలు ముఖ్యం. చిన్న బొమ్మను నేరుగా ట్రేస్ చేయకండి. గింప్‌లోనో ఫోటోషాప్‌లోనో నాలుగింతలు పెంచి, కొద్దిగా బ్లర్ చేసి, కాంట్రాస్ట్ పెంచి అప్పుడు ట్రేస్ చేయండి. పెంచితే కొత్త వివరం రాదు కదా అని వాదించేవాళ్లున్నారు. రాదు, నిజమే. కానీ అంచు మీద ఉన్న బూడిద పిక్సెల్ ఒక కబురు మోస్తోంది: హద్దు నాలో ఇంతవరకు వచ్చింది అని. నేరుగా ట్రేస్ చేస్తే దాన్ని నలుపనో తెలుపనో తోసేస్తారు, ఆ కబురు పోతుంది. ముందుగా పెంచితే ఆ బూడిద రంగు విస్తరించి, హద్దు ఉండాల్సిన చోటికి దగ్గరగా పడుతుంది. మెట్లు మెట్లుగా వచ్చే వంపు నున్నగా వస్తుంది. ఒకసారి రెండు రకాలుగా చేసి పక్కపక్కన పెట్టి చూడండి, మళ్లీ మానరు.

కాగితం మీది బొమ్మ అయితే స్కానర్ దగ్గరికే వెళ్లండి. గీతల బొమ్మకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి, గ్రేస్కేల్‌లో. ఏ4 కాగితం 4960 బై 7016 పిక్సెళ్లు వస్తుంది, అంత ఉంటే చాలు. స్కానర్ లేదంటే పగటి వెలుతురులో, నీడ పడకుండా, ఫోన్‌ను కాగితానికి సమంగా పట్టి తీయండి. ఫ్లాష్ వద్దు. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి.

తెలుగు అక్షరం దగ్గర బటన్ ఓడిపోతుంది

ఇది నా తప్పే, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఒక స్కూలు బస్సు వెనక అద్దానికి స్టిక్కర్. పాత బోర్డును ఫోన్‌లో ఫోటో తీసి ఇచ్చారు. బోర్డు మీద దుమ్ము మచ్చలు బాగా ఉన్నాయి. స్పెకుల్స్ బాగా పెంచి ట్రేస్ కొట్టాను. మచ్చలన్నీ పోయి శుభ్రంగా వచ్చింది. కట్ చేసి, అతికించి, డబ్బులు తీసుకుని ఇంటికెళ్లాను. మర్నాడు పొద్దున్నే ఆ స్కూలు తెలుగు టీచర్ నుంచి ఫోన్. "బాబూ, మా పిల్లలు 'పారశాల'కు వస్తున్నారా? ఆ 'విద్యార్ధి' ఏమిటి నాయనా?"

ఠ లోపలి చుక్కా, థ ఒత్తులోని చుక్కా రెండూ మచ్చల్లోనే లెక్క అయిపోయాయి. చుక్క పోతే ఠ కాస్తా ర అవుతుంది. థ కాస్తా ధ అవుతుంది. అలా కథ కధ అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ మీద చుక్క పోయినా మనిషి చదివేస్తాడు. మన లిపిలో చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. ప కింద చిన్న గీత పోతే ఫలం పలం అవుతుంది. ద కింద గీత పోతే ధనం దనం అవుతుంది.

థ్రెషోల్డ్ ఇంకో వైపు నుంచి దెబ్బ తీస్తుంది. ప, స, ష, హ లాంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటకుండా కొంచెం ఎడంగా ఉంటుంది. నలుపు ఎక్కువ తీసుకునేలా మీట జరిపితే ఆ సందు మూసుకుపోతుంది. ణ, జ, ఆ లాంటి వాటిలో చిన్న చిన్న మెలికల లోపలి తెలుపు పూడుకుపోతుంది. తక్కువ తీసుకునేలా జరిపితే సన్నటి చోట గీత తెగి రెండు ముక్కలవుతుంది. ఒకే బొమ్మలో ఒత్తులు చిన్నవి, పై అక్షరాలు పెద్దవి. పై అక్షరానికి కుదిరిన మీట కింది ఒత్తుకు కుదరదు. రోమన్ లిపి కోసం చేసిన డెమో వీడియోల్లో ఈ బాధ మీకు కనిపించదు.

అందుకే నా లెక్క ఇది: తెలుగు అక్షరాలు ఎత్తు 150 పిక్సెళ్ల లోపు ఉంటే ఆటో జోలికి వెళ్లను. ఫాంట్ దొరికితే టైప్ చేస్తాను, లేకపోతే చేత్తో గీస్తాను. 600 డీపీఐలో స్కాన్ చేసిన పెద్ద అక్షరాలైతే ఆటో చేసి, స్పెకుల్స్ తక్కువలోనే ఉంచి, మచ్చలను ఒక్కొక్కటీ చేత్తో ఏరేస్తాను. తర్వాత అసలు బొమ్మ పక్కన పెట్టుకుని పైకి చదువుతాను. మౌనంగా చదివితే కన్ను తనకు తెలిసిన మాటే చదివేసుకుంటుంది.

ఆటోకే ఓటు వేయాల్సిన అక్షరాలు కూడా ఉన్నాయి. కుంచెతో రాసినవి. కుంచె రాతలో అందం అంచు చిరగడంలో ఉంటుంది. రంగు అయిపోతున్న చోట వెంట్రుకల్లా చీలిన గీతలను పెన్ టూల్‌తో గీయబోతే రెండు రోజులు పడుతుంది, గీశాక ప్లాస్టిక్‌లా ఉంటుంది. మంచి స్కాన్ చేసి బటన్ నొక్కండి. సంతకాలు, వేలిముద్రలు, అచ్చు దిమ్మతో అద్దిన నమూనాలు, ఇంకు పెన్నుతో వేసిన బొమ్మలు, వీటన్నిటికీ ఆటోయే మంచిది.

చేత్తో గీసేటప్పుడు

చేత్తో అంటే భయపడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు నోడ్లు ఎక్కువ పెట్టడం. గీత వెంట చీమలా నడుస్తూ అడుగుకొక నోడ్ వేస్తారు. ఆటో ట్రేస్ చేసేదీ అదే కదా, ఇక చెయ్యి ఎందుకు?

సున్నా గీయడానికి నాలుగు నోడ్లు చాలు: పైన, కింద, కుడి, ఎడమ. నాలుగు బెజియర్ ముక్కలతో గీసిన వృత్తానికీ అసలు వృత్తానికీ తేడా వ్యాసార్ధంలో 0.03 శాతం లోపే. పియర్ బెజియర్ 1960ల్లో రెనో కంపెనీలో కార్ల ఒంపుల కోసం ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చింది కూడా తక్కువ బిందువులతో నున్నటి వంపు పట్టుకోవడానికే. వంపు ఎక్కడ అన్నిటికంటే పైకి, కిందికి, పక్కకు వెళ్తుందో అక్కడ నోడ్ పెట్టండి. హ్యాండిళ్లను (నోడ్ నుంచి బయటికొచ్చి వంపును తిప్పే పిడులను) అడ్డంగానో నిలువుగానో ఉంచండి, షిఫ్ట్ కానీ కంట్రోల్ కానీ పట్టుకుంటే అవే నిలబడతాయి. గుండ్రంగా తిరిగే మన అక్షరాలు ఈ పద్ధతికి బాగా ఒదుగుతాయి. క రాయడానికి ఎన్ని నోడ్లు కావాలో ఒకసారి పందెం వేసుకుని చూడండి, సరదాగా ఉంటుంది.

ఇంకో దగ్గరి దారి ఉంది. సైన్‌బోర్డుల మీద తెలుగు చాలావరకు గీత మందం ఒకేలా ఉంటుంది. అలాంటప్పుడు రెండు అంచులూ గీయక్కర్లేదు. గీత నడుమ మాత్రమే ఒక్క లైన్ గీసి, దాని మందం పెంచి, చివరలు గుండ్రంగా పెట్టండి. బొమ్మ మీద సరిపోయాక ఆ గీతను ఆకారంగా మార్చేయండి. ఇంక్‌స్కేప్‌లో స్ట్రోక్ టు పాత్, ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్ స్ట్రోక్, కోరల్‌లో కన్వర్ట్ అవుట్‌లైన్ టు ఆబ్జెక్ట్. సగం సమయం మిగులుతుంది, మందం ఎక్కడా ఎగుడుదిగుడు అవదు.

మొదలుపెట్టే ముందు బొమ్మను కింది లేయర్‌లో పెట్టి, 40 శాతానికి పలచన చేసి, తాళం వేయండి. తాళం వేయకపోతే అరగంట గీశాక బొమ్మ ఇంచు పక్కకు జరిగి ఉంటుంది, ఎప్పుడు జరిగిందో తెలియదు. కుడి ఎడమలు ఒకేలా ఉండే లోగో అయితే సగమే గీసి అద్దంలా తిప్పి అతకండి. పాత బోర్డు ఫోటోలో సగం వంకరగా ఉండటం మామూలే, ఆ వంకరను కూడా భక్తిగా ట్రేస్ చేయక్కర్లేదు. చెయ్యి గెలిచేది ఇక్కడే: అసలు గీసినవాడు ఏం గీయాలనుకున్నాడో మీకు తెలుసు, బటన్‌కు తెలియదు.

సమయం మాటకొస్తే, ఐదారు అక్షరాల పేరూ ఒక మామూలు గుర్తూ గీయడానికి నాకు నలభై నిమిషాలు పడుతుంది. ఆటో ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్ల తర్వాత నోడ్లు శుభ్రం చేయడానికి గంట కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్ ఎల్ నొక్కితే నోడ్లు తగ్గుతాయి. వెంటవెంటనే నొక్కుతూ పోతే ఇంకా గట్టిగా తగ్గిస్తుంది, మూలలు కరిగిపోతాయి. రెండుసార్లు నొక్కాక కూడా శుభ్రం కాకపోతే నేను ఆ ట్రేస్ డిలీట్ చేసి పెన్ టూల్ తీసుకుంటాను. నిజం చెప్పాలంటే ఎక్కువ పనుల్లో రెండూ కలుపుతాను. లోగోలోని నెమలి ఈకలు ఆటో, పేరు చేత్తో, చుట్టూ ఉన్న వలయం ఎలిప్స్ టూల్‌తో.

ఫైలు ఎక్కడికి వెళ్తుంది

ఈ ప్రశ్న చివర్లో అడిగేది కాదు, కానీ యంత్రం ముందు కూర్చున్నాకే నాకు తెలిసొచ్చింది. ఫ్లెక్స్‌కో పేపర్ ప్రింట్‌కో అయితే నోడ్లు వెయ్యి ఉన్నా ఎవరికీ కనబడదు. ఆటో కొంచెం అటూ ఇటూ ఉన్నా నడిచిపోతుంది.

స్టిక్కర్ షీట్‌ను బ్లేడుతో కోసే కటింగ్ ప్లాటర్‌కు అలా కుదరదు. బ్లేడు ప్రతి నోడ్‌నూ తాకుతూ వెళ్తుంది. నోడ్లు కిక్కిరిసి ఉంటే వంపు మీద బ్లేడు వణుకుతుంది, వినైల్ అంచు రంపంలా వస్తుంది, అనవసరమైన భాగం పీకేటప్పుడు అక్షరం కూడా లేచి వస్తుంది. ఠ చుక్కలాంటి చిన్న ముక్కలు ఎలాగూ లేస్తాయి, వాటిని కొంచెం పెద్దవి చేసుకోండి. రేడియం స్టిక్కర్‌కు నేను ఆటో ఫైలును ఎప్పుడూ నేరుగా పంపను.

లేజర్‌తో గీత చెక్కాలంటే ఇంకో చిక్కు. మామూలు ట్రేస్ గీతను గీతగా చూడదు, సన్నటి నల్ల ఆకారంగా చూస్తుంది. దాని చుట్టూ తిరిగి రెండు అంచులు ఇస్తుంది. యంత్రం ఒకే గీతను రెండుసార్లు చెక్కుతుంది. దీనికి కావాల్సింది నడుమ ఒక్క గీతే ఇచ్చే సెంటర్‌లైన్ ట్రేస్. కోరల్‌లో ఇది బాగా కుదిరింది. ఇంక్‌స్కేప్‌లో 1.0 నుంచి ఉంది, కూడళ్ల దగ్గర కొంచెం తడబడుతుంది. ఇలస్ట్రేటర్‌లో ఫిల్స్‌కు బదులు స్ట్రోక్స్ అని ఎంచుకోవాలి. బొమ్మ చిన్నదైతే నడుమ గీత చేత్తో గీసుకోవడమే హాయి.

స్క్రీన్ ప్రింటింగ్‌కు రంగుకొక ఫిల్మ్ కావాలి. అక్కడ పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చాలా, పక్కపక్కన కోసి పెట్టాలా అన్నది ముఖ్యం. ఇంక్‌స్కేప్‌లో స్టాక్ అన్న టిక్కు ఉంచితే కింది రంగు పై రంగు కింద కూడా పరుచుకుంటుంది. తీసేస్తే రంగుల మధ్య సన్నటి తెల్ల గీతలు కనిపిస్తాయి. ముదురు రంగు పైన పడేటట్టయితే పేర్చడమే మేలు, రిజిస్ట్రేషన్ (రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం) అర మిల్లీమీటర్ జరిగినా దాక్కుంటుంది.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాళ్లు వెక్టర్ అడిగినా, వాళ్లు కుట్లుగా మార్చే పని మళ్లీ వేరే. వాళ్లకు నున్నటి, తక్కువ ముక్కల ఫైలు ఇస్తే చాలు.

మరి ఏ సాఫ్ట్‌వేర్?

ఇక్కడ ఎక్కువ రాయను. డబ్బు పెట్టే స్థితి లేకపోతే, లేదా ఇప్పుడే నేర్చుకుంటుంటే ఇంక్‌స్కేప్. 2003లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, నలుపు తెలుపు ట్రేస్‌లో దేనికీ తీసిపోదు. రంగుల బొమ్మల్లో నెమ్మది. ట్రేస్ అయిన ఆకారం అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఏమీ జరగలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఒక్కసారి నొక్కి, పక్కకు లాగి చూడండి.

మీరు డీటీపీ, స్టిక్కర్ పనిలో ఉంటే, చుట్టూ ఉన్న షాపులన్నీ కోరల్ ఫైళ్లే అడుగుతుంటే, కోరల్ డ్రా. 2006లో ఎక్స్3తో వచ్చిన పవర్‌ట్రేస్‌లో నాకు నచ్చేది ఒకటుంది. ట్రేస్ ఖాయం చేయకముందే ఎన్ని కర్వులు, ఎన్ని నోడ్లు, ఎన్ని రంగులు వస్తాయో అంకెల్లో చూపిస్తుంది. మీట జరుపుతూ ఆ నోడ్ల అంకె పడిపోవడం చూస్తుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. రంగులను అక్కడికక్కడే కలిపేయవచ్చు కూడా.

ఇలస్ట్రేటర్‌లో 2005లో లైవ్ ట్రేస్‌గా వచ్చి, 2012లో ఇమేజ్ ట్రేస్‌గా మారిన పనిముట్టు రంగుల బొమ్మలకు మూడింటిలోనూ నాకు ముందుంది. ట్రేస్ చేశాక ఎక్స్‌పాండ్ నొక్కడం మరిచిపోతే మాత్రం నోడ్లు చేతికి రావు. ట్రేసింగ్ ఒక్కదాని కోసం నెలనెలా చందా కట్టమని నేను చెప్పను. కంపెనీల్లో డిజైనర్లతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లకు అది ఎలాగూ తప్పదు.

వెబ్‌సైట్‌లో బొమ్మ వేస్తే వెక్టర్ ఇచ్చేవి కూడా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుంచి పుట్టిన వెక్టర్ మ్యాజిక్ వాటిలో పాతది. లోగో గుర్తులకు ఇవి బాగా పనికొస్తాయి. ఏఐతో మళ్లీ బొమ్మ "గీసి" ఇచ్చే వాటిని తెలుగు అక్షరాలకు వాడకండి. అవి చూడని వంపును ఊహించి పూరిస్తాయి, ఆ ఊహ ఏ లిపికీ చెందని అక్షరంలా వస్తుంది. కస్టమర్ ఇంకా బయటపెట్టని లోగోను తెలియని సైట్‌లోకి ఎక్కించేముందు ఒక మాట అడగడం మర్యాద.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఎవరిదో బొమ్మను ట్రేస్ చేసినంత మాత్రాన అది మనది అయిపోదు. నెట్‌లో దొరికిన గణపతి బొమ్మను వెక్టర్ చేసి ఇమ్మంటే, గీసినవాళ్లు ఎవరో, వాడుకోవడానికి ఒప్పుకున్నారో లేదో ముందే తేల్చుకోండి.

ధర కూడా ముందే తేల్చాలి. బొమ్మ చూడగానే ఇది ఆటో పనా, చెయ్యి పనా చెప్పేసి రెండు రేట్లు చెబుతాను. "కంప్యూటరే చేస్తుంది కదా అన్నా" అనేవాళ్లు రోజుకొకరు తగులుతారు. నేను వాదించను. వాళ్ల ముందే బటన్ నొక్కి, వాళ్ల షాపు పేరును జూమ్ చేసి చూపించి, పైకి చదవమంటాను.